సీరియల్లో మగాడు నోరెందుకు విప్పడు?

విభాగం: టీవీ, నాటకం, కబుర్లు (బెజవాడ–గుంటూరు)

కొరిటెపాడు_కిరణ్ | రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. సాయంత్రం ఏడున్నరకి అమ్మ సీరియల్ పెట్టగానే, పొద్దున చదివేసిన పేపరే మళ్ళీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. సీరియల్ చూస్తానని చచ్చినా ఒప్పుకోడు. నిన్న పక్కన కూర్చుని గమనించా. అరగంటలో ఒక్క పేజీ తిప్పలేదు. పేపరు అంచు మెల్లగా ముక్కు దాకా దిగింది. హీరో భార్యని ఇంట్లోంచి పొమ్మన్నప్పుడు "వీడికి బుద్ధుందా అసలు" అని పేపరు వెనకనుంచి వినపడింది. అమ్మ తల తిప్పేసరికి పేపరు మళ్ళీ పైకి లేచింది.

నేను ఎం.ఏ. సోషియాలజీ. టీవీ సీరియళ్ళలో మగతనం అని సెమినార్ పేపరు ఒప్పుకున్నా. కానెల్‌ని చదవమని మా మేడం చెప్పారు. ఆస్ట్రేలియా సోషియాలజిస్టు, 1995లో 'మాస్కులినిటీస్' అనే పుస్తకం రాశారు. మగతనం ఒక్కటే కాదు, చాలా రకాలు, వాటిలో ఒకటి మిగతా వాటి మీద పెత్తనం చేస్తుంది, దాన్ని హెజిమానిక్ మాస్కులినిటీ అంటారని అందులో ఉంది. చదివేటప్పుడు బాగానే ఉంది. మన సీరియల్ హీరోకి అంటించబోతే అతకట్లేదు. వీడు ఎవర్నీ కొట్టడు. పని చేస్తూ కనపడడు. తల్లి మాట వింటాడు, పెళ్ళాం మాట వినడు, పిడికిలి బిగించి కిటికీలోంచి చూస్తా నిలబడతాడు. ఇదేం పెత్తనం?

బెజవాడ_ఎండ | రాత్రి 9:52

సీరియల్ మీద సెమినారా! కరెంటు బిల్లు మీద పెట్టు తమ్ముడూ, నలుగురికీ పనికొస్తది. సీరియల్లో మగాళ్ళుంటారని నీకెవరు చెప్పారు? సోఫా ఉంటది, కర్టెన్ ఉంటది, కోటు ఉంటది. కోటు లోపల మనిషున్నాడో లేడో నేనైతే చూళ్ళేదు.

ఆటోనగర్_బాషా | రాత్రి 10:05

ఎండన్నా, కోటు సంగతి మాత్రం కరెక్టు. మే నెల్లో మన ఊళ్ళో బనీను వేసుకుంటేనే ఒళ్ళు పేలిపోద్ది. వాళ్ళు ఇంట్లో కోటేసుకుని ఇడ్లీ తింటారు.

నాది లారీ బాడీలు కట్టే షెడ్డు. సీరియల్లో మాలాంటోడు ఎప్పుడు కనపడతాడో చెప్పనా? "అయ్యగారూ, కారు రెడీ" అన్నప్పుడు. అప్పుడు కూడా కెమెరా వాడి మొహం దాకా పోదు, డోరు తీసే చెయ్యి వరకే. ఒకసారి నేనూ మా ఆవిడా పందెం కాసుకున్నాం, ఆ డ్రైవర్ పేరు ఎప్పుడు చెప్తారా అని. నెల చూశాం. పేరు రాలా. పందెం ఎవరూ గెలవలా.

పటమట_లలిత | రాత్రి 10:31

కిరణ్, బాషా గారు తెలియకుండానే నీ పేపర్లో సగం రాసిపెట్టారు.

కానెల్‌ని "మగాడు ఆడదాని మీద చేసే పెత్తనం" అని మాత్రమే చదివితే సగం పోతుంది. మగాళ్ళ మధ్యలో ఉన్న మెట్లు కూడా ఆ పుస్తకంలో అంతే ముఖ్యం. ఆవిడ రకరకాల మగాళ్ళ జీవిత కథలు సేకరించారు. పనీపాటా లేని కుర్రాళ్ళు, పర్యావరణ ఉద్యమాల్లో తిరిగినవాళ్ళు, స్వలింగ సంపర్కులు, చదువుని నమ్ముకుని ఉద్యోగాలు చేసేవాళ్ళు. పైమెట్టు మీద నిజంగా నిలబడగలిగేది ఏ కొద్దిమందో. మిగతావాళ్ళు ఆ మెట్టు ఎక్కకపోయినా, అది అక్కడ ఉండటంవల్ల మగాళ్ళందరికీ దక్కే లాభంలో తమ వాటా తీసుకుంటారు. ఆ వాటాకి 'పేట్రియార్కల్ డివిడెండ్' అని పేరు పెట్టారు. కోటు వాడిది పైమెట్టు, డోరు తీసే చెయ్యిది కింది మెట్టు. ఆ డ్రైవరు ఇంటికెళ్ళాక పెళ్ళాం ముందు ఏ మెట్టు మీద నిలబడతాడన్నది సీరియల్ ఎప్పుడూ చూపించదు.

ఇంకోటి. ఆ పెత్తనం తన్నులతో నడిచేది కాదు. అవతలివాళ్ళు "ఇదే మర్యాద" అని ఒప్పుకోవటంతో నడిచేది. మీ హీరో ఎవర్నీ కొట్టక్కర్లేదు. వాడు హాల్లోకి వచ్చేసరికి సోఫాలో ఉన్న నలుగురూ లేచి నిలబడతారు చూడు, అదే.

కోటు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇంకో అనుమానం ఉంది. 60ల్లో, 70ల్లో మన పత్రికల్లో వచ్చిన నవలలు. ఆరడుగుల మనిషి, పెద్ద కారు, తక్కువ మాటలు. యద్దనపూడి సులోచనారాణి నవల 'సెక్రటరీ'లో రాజశేఖరం గుర్తున్నాడా? ఆవిడ మన కృష్ణా జిల్లా కాజ గ్రామం మనిషే.

సత్యనారాయణపురం_పిన్ని | రాత్రి 11:02

రాజశేఖరం గుర్తుండకపోవటమేంటమ్మా! అద్దె పుస్తకాల షాపులో ఆ నవల దొరకాలంటే మా వంతు కోసం చూసుకునేవాళ్ళం. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉండేది. మధ్యలో ఎవరో మహాతల్లి పసుపు చేత్తో పట్టుకుంది, ఆ పేజీలు పచ్చగా ఉండేవి. ఆ పేజీలే ఎక్కువ మంది చదివినవి.

మీరంతా ఆ మౌనాన్ని ఎగతాళి చేస్తున్నారు గానీ, అది మాకు ఎందుకు నచ్చిందో అడగరే? మా ఇంట్లో మగాళ్ళు అరిచేవాళ్ళు. మా నాన్న కూరలో ఉప్పు తక్కువైతే కంచం గోడకి కొట్టేవాడు. మా బాబాయి వీధిలోంచే కేకలేసుకుంటూ వచ్చేవాడు. అరవకుండా తనలో తనే బాధపడే మగాడు ఉంటాడంటే మాకదే ఒక విడ్డూరం. పెద్ద కారు ఎటు పోయినా ఫరవాలేదు, ఆ గొంతు పెంచకపోవటం చాలు మాకు. నలభై ఏళ్ళ తర్వాత అదే మనిషి టీవీలో పిడికిలి బిగించి నిలబడితే మీకు చిరాకు. అప్పట్లో అది మాకు ఊరట.

పటమట_లలిత | రాత్రి 11:10

పిన్నిగారూ, ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. కిరణ్, రాసుకో.

పాత_డైలాగు | రాత్రి 11:48

పెద్దలంతా పెద్ద మాటలు చెప్పారు. నేను ఏడేళ్ళు సీరియల్స్‌కి డైలాగులు రాసి, ఇప్పుడు తెనాల్లో జిరాక్స్ షాపు పెట్టుకున్నా. ఏ ఛానెల్, ఏ సీరియల్ అని అడక్కండి. లోపలి సంగతి చెప్తా.

వాడు మాట్లాడకపోవటానికి మగతనం కారణం కాదు. వాడు ఒక్క వాక్యం మాట్లాడితే సీరియల్ అయిపోద్ది. అంతే.

విలన్ పిల్ల హీరోకి ఒక ఫొటో చూపిస్తుంది. నిజం మనిషైతే ఏం చేస్తాడు? ఇంటికెళ్ళి "ఏమే, ఈ ఫొటో ఏంటి" అంటాడు. ఆవిడ "మా అన్నయ్య కదండీ" అంటుంది. కథ కంచికి. ఆ ప్రశ్న అడగనివ్వకుండా ఆర్నెల్లు నడపాలి. ఎట్లా? వాడికి అహం పెట్టాలి. "నేను అడగను, తనే చెప్పాలి." ఆవిడకి ఆత్మాభిమానం పెట్టాలి. "ఆయన అడిగితేనే చెప్తాను." ఇద్దరి మధ్యా ఓ మంచం, నేల మీద ఓ దిండు. దీని మీద నూట యాభై ఎపిసోడ్లు రాశా నేను. సీను పేపర్లో వాడికి రాసేది ఇంతే: "హీరో – లుక్". కొన్ని రోజులు వాడికి పేజీ మొత్తంలో ఉన్నది నాలుగు లుక్కులు. జనం దాన్నే పౌరుషం అనుకున్నారు. మాకది ఫుటేజీ.

'కార్తీక దీపం' తీసుకోండి. అది నేను రాసింది కాదు, చూసిందే. 2017లో మొదలై 2023 దాకా నడిచింది. డాక్టర్ బాబు గుండెలకి వైద్యం చేసే డాక్టరు. భార్య కడుపులో బిడ్డ తనది కాదని అనుమానం. చదువుకున్నవాడు, ఆసుపత్రి చేతిలో ఉన్నవాడు, ఒక పరీక్ష చేయించుకుంటే తేలిపోయే దానికి ఏళ్ళు పట్టింది. ప్రేక్షకులు ఇంట్లో కూర్చుని "టెస్టు చేయించుకోరా నాయనా" అని మొత్తుకున్నారు. ఆ మొత్తుకోవటమే రేటింగు.

బెజవాడ_ఎండ | రాత్రి 11:55

"హీరో – లుక్". ఇది నా ఉద్యోగంలో కూడా ఉంటే బాగుండు.

పల్నాటి_బాబాయ్ | ఉదయం 6:20

రాత్రి పడుకున్నా, ఇప్పుడే చూశా. పౌరుషం అనే మాట అంత తేలిగ్గా వాడబాకండి. మా వైపు అది బతుకు మాట. కారంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవం చేస్తారు. బాలచంద్రుణ్ణి యుద్ధానికి పంపింది ఎవరు? మాంచాల. కట్టుకున్న పెళ్ళాం. మగాడికి పౌరుషం మగాడే నేర్పాడని మీ కానెల్ అంటాడేమో, మా కథలో ఆడది నేర్పింది.

మా అమ్మ కూడా అంతే. స్కూల్లో ఎవడో కొట్టాడని ఏడుస్తా వస్తే తలుపు వేసి "కొట్టి రా, అన్నం పెడతా" అంది. కొట్టి రాలా. చీకటి పడిందాకా అరుగు మీద కూర్చున్నా. తర్వాత మా నాయన వచ్చి ఏమీ అనకుండా లోపలికి తీసుకుపోయాడు. ఆయన ఒక్క మాట అన్లా. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తే. సీరియల్ మౌనం వేరు, ఆ మౌనం వేరు.

పటమట_లలిత | ఉదయం 7:05

బాబాయ్ గారూ, కానెల్ ఆవిడ. రేవిన్ కానెల్. మాంచాల ఉదాహరణ ఆవిడకి అడ్డం రాదు, ఇంకా బలం ఇస్తుంది. ఆడవాళ్ళ ఒప్పుదల, ప్రోత్సాహం లేకుండా ఆ పైమెట్టు నిలవదు. 2005లో కానెల్, మెసర్‌ష్మిట్ కలిసి ఆ సిద్ధాంతాన్ని సరిచూస్తూ ఒక వ్యాసం రాశారు. మగతనం తయారీలో ఆడవాళ్ళ పాత్రని ఇంకా బాగా చూడాలని, ప్రపంచం మొత్తానికి ఒకే నమూనా కాకుండా ఊరి స్థాయిలో, దేశం స్థాయిలో, ప్రపంచం స్థాయిలో చూడాలని అందులో వాళ్ళే అన్నారు. కారంపూడి పౌరుషం, పటమట పౌరుషం ఒకటి కాదు కదా.

మీ నాయన సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా.

తెనాలి_రంగస్థలం | ఉదయం 9:30

మగతనం, ఆడతనం వేషాలే అని అమెరికా తత్వవేత్త జూడిత్ బట్లర్ 1990లో చెప్పిందని మురిసిపోతారు గానీ, మా తెనాలి వాళ్ళకి అది పాత సంగతి. స్థానం నరసింహారావు గారు బాపట్లలో 1902లో పుట్టారు, తెనాలి రామవిలాస సభలో వెలిగారు. సత్యభామ వేషం కడితే ఆ నడక, ఆ కంటి చివర చూపు ముందు నిజం ఆడవాళ్ళు కూడా దిగదుడుపే అని మా తాత చెప్పేవాడు. 1956లో పద్మశ్రీ. ఇటు కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. మగాడు సత్యభామ కాగలిగితే, మగాడు కూడా ఒక వేషమే అని తేలిపోలా?

పటమట_లలిత | ఉదయం 10:15

అయ్యా, ఇక్కడే అందరూ పొరపడేది. స్థానం వారు వేషం కట్టేవారు, తెల్లారి తీసేసేవారు. లోపల ఒక నరసింహారావు గారు ఉన్నారు, ఎప్పుడు కట్టాలో, ఎప్పుడు విప్పాలో ఆయన ఇష్టం. బట్లర్ చెప్పింది అది కాదు. విప్పటానికి వీల్లేని దాని గురించి ఆవిడ మాట్లాడింది. పుట్టిన దగ్గర్నించీ "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని వెయ్యిసార్లు విని, వెయ్యిసార్లు ఆపుకుని, చివరికి ఆ ఆపుకోవటమే "నేను" అయిపోవటం. లోపల విడిగా ఇంకో మనిషి కూర్చుని వేషం ఎంచుకోడు. చేసి చేసి అదే మనిషవుతాడు.

ఆటోనగర్_బాషా | మధ్యాహ్నం 1:40

మేడం, అన్నం తింటా చదివా. నాకు అర్థమైంది చెప్తా, తప్పైతే దిద్దండి. పనిలో చేరిన కొత్తల్లో వెల్డింగ్ రవ్వ పడి చెయ్యి కాలితే అబ్బా అన్నా. మేస్త్రీ, కుర్రాళ్ళు అంతా నవ్వారు. రెండోసారి పళ్ళు బిగించా. పదోసారికి బిగించక్కర్లా, అసలు నొప్పే తెలీలా. ఇప్పుడు మా ఆవిడ చెయ్యి చూసి "ఇదెప్పుడు కాలింది" అంటే నాకే గుర్తుండదు. ఇదేనా బట్లరు?

పటమట_లలిత | మధ్యాహ్నం 1:52

అదే బాషా గారూ. నేను క్లాసులో గంట చెప్పినా ఇంత తేటగా రాలేదు.

కొరిటెపాడు_కిరణ్ | సాయంత్రం 4:10

మౌనం మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతా. అమెరికా టీవీలో 'ది సొప్రానోస్' 1999లో మొదలైంది. దాని తొలి ఎపిసోడ్‌లోనే మాఫియా నాయకుడు టోనీకి కళ్ళు తిరిగి పడిపోతాడు. వాళ్ళ ఈతకొలనులో బాతులు ఎగిరిపోయినందుకు! సైకియాట్రిస్టు దగ్గర కూర్చుని, పాత సినిమా హీరో గ్యారీ కూపర్‌లా నోరు మూసుకుని గట్టిగా నిలబడే మగాళ్ళు ఏమైపోయారని వాపోతాడు. అంటే ఆ సీరియల్ మొదలయ్యిందే మాట్లాడని మగాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించడంతో. 'మ్యాడ్ మెన్'లో డాన్ డ్రేపర్ చచ్చిపోయిన వేరేవాడి పేరు పెట్టుకుని బతుకుతాడు, ఆ కోటే దొంగ కోటు. 'బ్రేకింగ్ బ్యాడ్'లో కెమిస్ట్రీ మాస్టారు అంతా కుటుంబం కోసమే అంటూ వచ్చి, చివరి ఎపిసోడ్‌లో నా కోసమే చేశానని భార్య దగ్గర ఒప్పుకుంటాడు.

అక్కడ కథ మగాడి మౌనాన్ని పగలగొట్టుకుంటూ పోతుంది. మన దగ్గర ఆ మౌనం మీదే కూర్చుని నడుస్తుంది. తేడా ఇదని రాయొచ్చా?

పాత_డైలాగు | సాయంత్రం 5:00

రాయొచ్చు గానీ ఒక్క మాట కలుపు. వాళ్ళకి ఏడాదికి పది, పదమూడు ఎపిసోడ్లు. మాకు వారానికి ఐదో ఆరో. పగలగొట్టిన కుండలో రేపు నీళ్ళెక్కడ పోస్తాం? పొద్దున సీను రాసి ఫోన్లో పంపితే మధ్యాహ్నం తీసేవాళ్ళు. మనిషి లోపలికి దిగే టైమెక్కడిది.

ఇంకో సంగతి, హీరో ఏడుపు. గ్లిజరిన్ వేస్తే రెండు కళ్ళూ కారతాయి. మా డైరెక్టరు మాత్రం హీరోకి ఒక్క కంట్లోంచే రావాలనేవాడు. "రెండు కళ్ళ ఏడుపు హీరోయిన్‌ది." రెండో కన్ను తుడిచి, లైటు తిప్పి, ఒక చుక్క కోసం నాలుగు టేకులు. మగాడికి ఎన్ని కన్నీళ్ళు ఇవ్వాలో చుక్క లెక్కన కొలిచి ఇచ్చిన మనిషిని నేను కళ్ళారా చూశా.

సత్యనారాయణపురం_పిన్ని | సాయంత్రం 5:20

ఆ ఒక్క చుక్క కోసమే కదయ్యా మేం చూసేది.

బెజవాడ_ఎండ | సాయంత్రం 6:15

సరే, నేనూ ఒప్పుకుంటా. నేనూ సీరియల్ చూశా. 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారం వస్తుంటే గిన్నెలో పులిహోర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అందులో మగాళ్ళు కోట్లు వేసుకోరు, అప్పులు చేస్తారు. ఓ హోటల్ పెడతారు, అది నడవదు. పెళ్ళాలకి అబద్ధాలు చెప్తారు, రెండో నిమిషంలో దొరికిపోతారు. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారు మన బెజవాడ మనిషి. ఆయన మొహంలో ఆ బెదురు చూస్తే మా మావయ్య గుర్తొచ్చేవాడు. అరవటం రాదు, గంభీరంగా ఉండటం రాదు, వాగుతానే ఉంటారు. ఆ మగతనం మీ మెట్లలో ఎక్కడ పెడతారు మేడం?

తెనాలి_రంగస్థలం | సాయంత్రం 6:40

వాగే మగాడైతే మనకి గిరీశమే పితామహుడు. 'కన్యాశుల్కం' తొలిసారి విజయనగరంలో ఆడింది 1892లో. అప్పటికే మన నాటకంలో మగాడు నోరు మూస్తే కదా! సంస్కరణ మాట్లాడతాడు, చుట్ట కాలుస్తాడు, పూటకూళ్ళమ్మ డబ్బులు మింగుతాడు. గురజాడ గారు వాడి మగతనం మొత్తం నాలిక మీద పెట్టారు. తెలుగు మగాడు స్వతహాగా మాట్లాడేవాడే. నోరు మూయించింది ఆ తర్వాతి వాళ్ళు.

పటమట_లలిత | సాయంత్రం 7:00

ఎండగారూ, కామెడీలో మగాడు పైమెట్టు మీంచి జారిపడతాడు, మనం నవ్వుతాం. కానీ మెట్టు అక్కడే ఉంటుంది. జారటం నవ్వు తెప్పించిందంటేనే అక్కడ నిలబడాల్సినవాడు అని మనం అనుకుంటున్నట్టు. అయినా నాకు అమృతరావు, ఆంజనేయులు అంటే ఇష్టం. వాళ్ళ భార్యలు వాళ్ళని చూసి భయపడరు. ఆ ఇళ్ళల్లో ఎవరూ సోఫాలోంచి లేచి నిలబడరు. సిద్ధాంతంతో నేను తేల్చలేని సంగతి ఇది, ఒప్పుకుంటున్నా.

కిరణ్, నీకొక పని. కానెల్‌ని కాసేపు పక్కన పెట్టి ఇయెన్ ఆంగ్ చూడు. అమెరికా సీరియల్ 'డల్లాస్' ఎందుకు చూస్తారో రాయమని ఆవిడ నెదర్లాండ్స్‌లో ఓ ఆడవాళ్ళ పత్రికలో ప్రకటన ఇస్తే 42 ఉత్తరాలు వచ్చాయి. వాటిమీదే పుస్తకం రాసింది. కథ అబద్ధమని తెలిసీ, అందులో బాధ నిజమని చూసేవాళ్ళు. తెర మీద మగాడి గురించి చాలా చెప్పాం. పేపరు వెనక మగాణ్ణి ఇంకా ఎవరూ అడగలేదు.

మోడరేటర్ | రాత్రి 7:15

ఒకరు మధ్యలో నటీనటుల సొంత జీవితాల గురించి పెట్టిన పోస్టు తీసేశాను. మిగతాది కానివ్వండి. బాగుంది.

కొరిటెపాడు_కిరణ్ | రాత్రి 10:20

లలిత మేడం చెప్పారని ధైర్యం చేసి ఇవాళ నాన్నని అడిగా. "నాన్నా, ఆ హీరో అంటే నీకెందుకంత కోపం?"

చాలాసేపు ఏమీ అనలేదు. హీరో – లుక్. తర్వాత పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"డ్యూటీలో చిల్లర లెక్క తేడా వచ్చి ఒకసారి పదిహేను రోజులు సస్పెండయ్యా. మీ అమ్మకి చెప్పలా. రోజూ ఖాకీ వేసుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని శంకర్ విలాస్ సెంటరు దాకా పోయి, సాయంత్రం దాకా తిరిగి వచ్చేవాణ్ణి. ఆ బాక్సులో అన్నం ఎండలో తినేవాణ్ణి. చెప్తే ఏం పోయేది? అదే వాణ్ణి చూస్తే..." అని ఆపేశాడు.

అమ్మ వంటింట్లోంచి అంది: "నాకు మూడో రోజే తెలుసు. మీ డిపో వాళ్ళావిడ చెప్పింది. మీరు చెప్తారని చూశా."

నాన్న మళ్ళీ పేపరు తీసుకున్నాడు. ఈసారి తలకిందులుగా పట్టుకున్నాడు. అమ్మ వచ్చి టీవీ సౌండు పెంచింది.

పాత_డైలాగు | రాత్రి 10:31

"ఆయన అడిగితేనే చెప్తాను, తనే చెప్పాలి." బాబూ, ఇది నేను రాసిన సీనే. ఎన్నేళ్ళు నడిచింది మీ ఇంట్లో?

కొరిటెపాడు_కిరణ్ | రాత్రి 10:34

నేను మూడో తరగతిలో ఉన్నప్పటి సంగతంట. లెక్కేసుకోండి.